ముఖాలు కప్పి చూస్తే: అనంతపురం యువ ఇలస్ట్రేటర్ ఎనిమిది నెలల సాధన, ఒక కేస్ స్టడీ

అభ్యాసి వయసు 20. అనంతపురంలో డిగ్రీ రెండో సంవత్సరం, సొంతూరు కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. నాన్నది శెనక్కాయ సేద్యం, అమ్మ ఇంట్లోనే కుట్టుమిషన్ మీద పని చేస్తుంది. బొమ్మలు నేర్పిన గురువు లేరు. ఆరేళ్లుగా ఫోన్‌లో చూసి వేస్తూ వచ్చింది. చేయి వేగంగా ఆడుతుంది, గంటల తరబడి కూర్చునే ఓపిక ఉంది. తెచ్చిన ప్రశ్న ఒక్కటే: "బొమ్మలు బాగున్నాయి అంటారు సార్, కానీ చూడగానే ఇది నాది అని ఎవరూ గుర్తుపట్టరు. నా స్టైల్ ఏది?"

ఆమె ఒప్పుకున్నాకే ఈ వివరాలు రాస్తున్నాం. పేరు, ఊరు రాయడం లేదు. నవంబర్‌లో మొదలుపెట్టి జూన్ దాకా, పదిహేను రోజులకొకసారి బొమ్మలన్నీ నేల మీద పరిచి చూస్తూ చేసిన పని ఇది.

మొదట చూసింది

మొత్తం 43 బొమ్మలు. ఫోన్‌లో ఉన్నవాటిని జిరాక్స్ షాపులో నలుపు తెలుపులో ప్రింట్ తీయించి, కాగితం మీద వేసినవాటి పక్కనే పరిచాం. తర్వాత చిన్న చిన్న కాగితం ముక్కలతో ముఖాలన్నీ కప్పేశాం. యువ ఇలస్ట్రేటర్ ఎవరు వచ్చినా ముందు చేయాల్సిన పరీక్ష ఇదేనని మా అభిప్రాయం. ముఖం అందంగా ఉంటే కన్ను అక్కడే ఆగిపోతుంది, మిగతా బొమ్మలో ఏముందో ఎవరూ చూడరు.

ముఖాలు కప్పాక మిగిలింది చాలా తక్కువ. 43లో 31 బొమ్మలు ఛాతీ దగ్గరే ఆగిపోయాయి. నిలువెత్తు బొమ్మలు 12 ఉంటే, చేతులు పూర్తిగా కనిపించేవి ఐదు. మిగతావాళ్లు చేతులు వెనక్కి కట్టుకున్నారు, లేదా జేబుల్లో పెట్టుకున్నారు, లేదా జుట్టు చేతుల మీదుగా పడింది. ఆరు తప్ప అన్ని ముఖాలూ ఎడమవైపుకే, ముప్పాతిక కోణంలో తిరిగి ఉన్నాయి. కుడిచేతి వాటం వాళ్లకు ఆ వంపు మణికట్టుకు సులువు, అందుకే అలవాటైపోతుంది. గీత మాత్రం నాలుగు రకాలు: జపాన్ కామిక్స్ పద్ధతిలో సన్నని గీత, బాపు గీతను చూసి వేసిన విసురు గీత, ఫోన్ యాప్‌లో వచ్చే నునుపు గీత, పెన్సిల్‌తో గీకిన గీత. నలుగురు మనుషులు వేసినట్టుంది.

తర్వాత మూడు పనులు ఇచ్చాం. కడవ ఎత్తుకున్న ఆడమనిషిని చూడకుండా పది నిమిషాల్లో వేయడం. అదే మనిషిని ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి వేయడం. ఇంటి వంటగదిని ఎదురుగా కూర్చుని అరగంటలో వేయడం. మొదటి బొమ్మలో కడవ బరువు నడుముకు చేరలేదు, తుంటి ఒక పక్కకు వంగలేదు. రెండో దానిలో పక్క నుంచి వేసిన మనిషి వేరే మనిషైపోయింది. మూడోది సగంలో వదిలేసింది.

మా నిర్ధారణ అక్కడే తేలింది. స్టైల్ అంటే ఒకే రకం వస్తువు మీద పదే పదే తీసుకున్న నిర్ణయాలు. గీత ఎంత లావు, ఏది వదిలెయ్యాలి, ఏది పెద్దది చెయ్యాలి, నీడ ఎక్కడ ఆపాలి. నిర్ణయం తీసుకోవాలంటే చేతిలో సరుకు ఉండాలి. చెయ్యి ఎలా మడుస్తుందో తెలియనివాడు దాన్ని ఎంత పెద్దది చెయ్యాలో నిర్ణయించలేడు, దాచేస్తాడు. ఈ అమ్మాయికి స్టైల్ దొరక్కపోవడానికి కారణం చూసి పోగేసుకున్న సరుకు లేకపోవడం. అందుకే మొదటి పది వారాలు స్టైల్ అన్న మాటే ఎత్తవద్దని ఒప్పందం చేసుకున్నాం.

పది వారాలు, ఒకే పెన్ను

సరంజామా: ఏ5 సైజు స్కెచ్‌బుక్, 05 నంబరు మైక్రాన్ పెన్ను (గీత 0.45 మిల్లీమీటర్లు), తప్పులు రాయడానికి ఒక ఎర్ర బాల్ పెన్ను. పెన్సిల్ లేదు, రబ్బరు లేదు. రబ్బరు ఉంటే మొదటి గీత దగ్గర ధైర్యం రాదు, వచ్చిన తప్పు కూడా మిగలదు. తప్పు మిగిలితేనే కదా దాన్ని చూసి ఎర్ర పెన్నుతో రాసేది.

వారానికి తొమ్మిది గంటలు. ఐదు గంటలు ఎదురుగా చూసి వేయడం, రెండు గంటలు జ్ఞాపకం నుంచి వేయడం, రెండు గంటలు ఒక బొమ్మను పూర్తి చేయడం. చూసి వేసే చోట్లు మూడు: ఉదయం ఏడు నుంచి ఎనిమిది దాకా ఆర్టీసీ బస్టాండు, ఊరికి వెళ్లినప్పుడు శెనక్కాయ కల్లం, సాయంత్రం ఇంటి అరుగు. ఒంటరిగా ఆడపిల్ల బస్టాండులో కూర్చుని ఎవరినో చూస్తూ గీస్తుంటే ఇబ్బంది రావచ్చు. అందుకే పొద్దున పూటే, కుటుంబాలు కూర్చునే బెంచీల దగ్గర, మనుషుల వెనక నుంచో పక్క నుంచో వేయమన్నాం. ఎవరైనా గమనిస్తే పుస్తకం తిప్పి చూపించాలి. దాచుకుంటేనే అనుమానం వస్తుంది.

రెండు నిమిషాలకొక మనిషి చొప్పున పది మంది. తర్వాత జ్ఞాపకం కసరత్తు: ఒక మనిషిని నిమిషం పాటు చూడాలి, వెనక్కి తిరిగి వేయాలి, మళ్లీ తిరిగి చూసి తేడాలు ఎర్ర పెన్నుతో రాయాలి. "మోచెయ్యి నడుము కంటే కింద వేశాను", "సంచి బరువుకు భుజం దిగలేదు" లాంటివి. "బాగా రాలేదు" అని రాస్తే లెక్క కాదు. ఏది, ఎటు, ఎంత అన్న మూడూ ఉండాలి.

మొదటి మూడు వారాలు ఒకే తప్పు తిరిగి తిరిగి వచ్చింది: తలలు పెద్దవి, మొండెం పొడవు. అలవాటు దోషమేమో అనుకున్నాం గానీ, అసలు కారణం పుస్తకం పట్టుకునే తీరు. ఒళ్లో బల్లపరుపుగా పెట్టుకుని వేస్తే కాగితం పై అంచు కంటికి దూరమై కుదించుకుపోయినట్టు కనిపిస్తుంది. కన్ను ఆ లోటును సరిచేయబోయి పైభాగాన్ని సాగదీస్తుంది. పుస్తకాన్ని నిలబెట్టి చూస్తే తల సాగి ఉంటుంది. పరీక్ష అట్టను మోకాలికి ఆనించి, చూపుకు ఎదురుగా నిలిచేలా వాల్చి వేయమన్నాం. వారంలో తప్పు సగానికి పైగా పోయింది. ఇంత చిన్న విషయానికి ఎంతమంది పిల్లలు నాకు కొలతలు రావు అని మానేస్తారో తలుచుకుంటే బాధగా ఉంటుంది.

రెండో తప్పు, పాదాలు కాగితంలో పట్టకపోవడం. కన్నుతో మొదలుపెట్టి కిందికి వచ్చేవాళ్లందరికీ ఇది తప్పదు. మందు సులువు: నడినెత్తికి ఒక చుక్క, మడమకు ఒక చుక్క, తుంటికి మధ్యలో ఒక చుక్క పెట్టాకే గీత మొదలు. పెద్దవాళ్ల ఎత్తు సుమారు ఏడు నుంచి ఏడున్నర తలలు, ఐదేళ్ల బిడ్డ ఐదున్నర. ఆమె పాత బొమ్మల్లో పెద్దవాళ్లు ఎనిమిదిన్నర తలలు, పిల్లలు మూడు తలలు ఉన్నారు. మధ్యలో ఉండే అసలు మనుషులు లేరు.

చీర దగ్గర ఎక్కువ రోజులు ఆగాం, ఆగాల్సిందే. పాత బొమ్మల్లో చీర అంటే చారలున్న గౌను. మడత ఎక్కడి నుంచి పుడుతుందో తెలియకపోతే మడతలు అలంకారంగా మిగిలిపోతాయి. గుడ్డ ఎక్కడ లాగబడుతుందో అక్కడి నుంచి మడతలు బయలుదేరతాయి: భుజం, తుంటి, బొడ్డు దగ్గర దోపిన చోటు. కల్లంలో కాయలు తెంపే ఆడవాళ్లు కొంగు నడుముకు దోపుకుంటారు, కుచ్చిళ్లు పైకి ఎగదోస్తారు, గొంతుక్కూర్చుంటే మోకాళ్ల మధ్య గుడ్డ ఊయలలా వేలాడుతుంది. ఒక్క ఆ దోపిన చోటునే, చేయెడు భాగాన్ని మాత్రమే, 30 సార్లు వేయించాం. వాళ్ల అమ్మ కుట్టుపని చేస్తుంది కాబట్టి ఏ గుడ్డ ఎలా వాలుతుందో ఇంట్లోనే అడిగి తెలుసుకుంది. నూలు విరిగినట్టు మడుస్తుంది, సిల్కు జారుతుంది, పాలిస్టర్ ఉబ్బుతుంది. ధర్మవరం పట్టు కొత్తదైతే గట్టిగా, కోణాలుగా నిలబడుతుంది.

రిఫరెన్స్ గురించి, అంటే చూసి వేసుకునే ఆధారం గురించి ఒక మాట. జనవరిలో ఎద్దులబండి బొమ్మకు ఏఐతో చేసిన ఒక చిత్రాన్ని చూసి వేసుకొచ్చింది. అందులో కాడి ఎద్దు మూపురానికి వెనక ఉంది. కాడి ఉండేది మూపురానికి ముందు, మెడ మీద. ఎద్దు లాగేటప్పుడు బరువు మూపురం మీద ఆనాలి. వెనక పెడితే బండి కదలదు. పల్లెలో పుట్టిన అమ్మాయికి ఇది తెలియక కాదు, తెర మీది బొమ్మ ముందు తన కళ్లను నమ్మలేదు. అప్పటి నుంచి నియమం పెట్టాం: పనిముట్టు ఏదైనా చేత్తో పట్టుకున్నది, లేదా ఎదురుగా చూసింది, లేదా తాను తీసిన ఫోటో. ఈ మూడు కాకుండా నాలుగోది లేదు.

లేపాక్షి దగ్గర దారి తప్పడం

ఫిబ్రవరికి చేయి తేరింది. అప్పుడు పాత బొమ్మకారుల పనిని చదవడం మొదలుపెట్టాం. హిందూపురం పక్కనే లేపాక్షి వీరభద్రాలయం ఉంది. 16వ శతాబ్దపు విజయనగర కాలపు చిత్రాలు మండపం పైకప్పు నిండా ఉన్నాయి. పక్కకు తిరిగిన ముఖాలు, నల్లని హద్దు గీత, ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ. నీలం దాదాపు కనిపించదు. చీరల మీది డిజైన్లు చూడటానికే నేతవాళ్లు, డిజైనర్లు వస్తుంటారు.

పైకప్పు చూసి గీయడంలో మెడ పట్టేస్తుంది. ఒళ్లో చిన్న అద్దం పెట్టుకుని అందులో చూస్తూ వేయొచ్చు, కుడి ఎడమలు తారుమారవుతాయని గుర్తుంచుకుంటే చాలు. రెండు రోజుల్లో 22 నకళ్లు వేసుకొచ్చింది. బాగున్నాయి. ఆపద కూడా అక్కడే మొదలైంది.

ఆ తర్వాతి మూడు వారాలు వేసిన ప్రతి మనిషికీ పక్క ముఖం, చెవి దాకా సాగిన కన్ను. స్కూటీ మీద కాలేజీకి పోయే అమ్మాయికీ అదే కన్ను, టీ అంగడి తాతకూ అదే కన్ను. "ఇప్పుడు నా స్టైల్ వచ్చింది" అని సంబరపడింది. మళ్లీ ముఖాలు కప్పి చూపించాం. కింద పాత బొమ్మలే ఉన్నాయి.

ఇది ఎందుకు పనిచేయలేదో వివరంగా చెప్పాలి, ఎందుకంటే సంప్రదాయం నుంచి తీసుకునే ప్రతి ఒక్కరూ ఇక్కడే జారతారు. ఆ పైకప్పు మీద పక్క ముఖం ఒంటరిగా లేదు. వరుసగా నడిచే మనుషులు, లోతు లేని నేపథ్యం, నీడ వేయని ఒళ్లు, అన్నిటినీ చుట్టే నల్లగీత, ఇవన్నీ ఒకదానికొకటి ఒప్పుకుని ఉన్నాయి. అందులోంచి కన్ను ఒక్కటి పీకి, వెలుగునీడలు లోతు ఉన్న బొమ్మలో అతికిస్తే, మిగతా బొమ్మ దాన్ని ఒప్పుకోదు. బాపు బొమ్మ కళ్లను మాత్రమే తీసుకునేవాళ్లకూ ఇదే జరుగుతుంది. ఆయన గీతలో కన్ను కంటే వదిలేసిన చోటు ముఖ్యం, నకలు చేసేవాళ్లకు ఆ వదిలేసిన చోటు కనిపించదు.

అందుకే రూపాన్ని పక్కన పెట్టి నియమాన్ని తీసుకోమన్నాం. లేపాక్షి నుంచి ఒక నియమం: నీలం లేకుండా రంగులు నడపాలి. నిమ్మలకుంట నుంచి ఇంకొకటి. ధర్మవరం దగ్గరి ఈ ఊరిలో తోలుబొమ్మలు చేస్తారు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలుచగా చేసి, రంగు వేసి, నగలు, అంచులు ఉన్న చోట ఉలితో రంధ్రాలు కొడతారు. వెనక దీపం పెడితే ఆ రంధ్రాలు వెలుగు చుక్కలవుతాయి. తెర మీద దూరం నుంచి చూసేవాడికి ముందు అందేది ఆకారపు అంచు. అక్కడి నుంచి తీసుకున్న నియమం: బొమ్మ మొత్తం నల్లగా నింపేసినా మనిషి ఏం చేస్తున్నాడో తెలియాలి. చేయి ఒంటికి అతుక్కుని ఉంటే నలుపులో మాయమవుతుంది కాబట్టి, పని చేసే చేయి ఒంటికి బయట, ఖాళీ మీద పడేలా భంగిమ మార్చాలి. ఈ ఒక్క నియమంతో చేతులు దాచే అలవాటు దానంతటదే పోయింది.

27 చిన్న బొమ్మలు

మార్చిలో అసలు పని. ఒకే విషయం తీసుకున్నాం: చాట ముందు కూర్చుని శెనక్కాయలు ఒలిచే అవ్వ. మూడు ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు మూడు జవాబులు.

గీత: సమానమైన సన్నని పెన్ను గీత, లావు సన్నం మారే కుంచె గీత, హద్దు గీత అసలు లేకుండా రంగు అంచులే.
ఆకారం: కొలతకు కొలత; తల చిన్నదిగా, తుంటి, చేతులు పెద్దవిగా; కోణాలుగా విరిచినది.
నీడ: నీడ లేదు, ఒకే ఒక్క పలుచని నీడ, మూడు మెట్ల నీడ.

మూడును మూడుతో, మళ్లీ మూడుతో కలిపితే 27. ఒక్కొక్కటి 6 సెంటీమీటర్ల చదరం, ఏ4 కాగితానికి తొమ్మిది చొప్పున మూడు కాగితాలు. చిన్న సైజు కావాలనే పెట్టాం. పెద్దగా వేస్తే ఒక్కోదాన్ని ముద్దు చేస్తూ కూర్చుంటారు, పోల్చడం మరిచిపోతారు. ఒక్కోదానికి 20 నిమిషాలు, మొత్తం తొమ్మిది గంటలు, అంటే ఒక వారం పని.

గోడకు అంటించి రెండు మీటర్ల దూరం నుంచి, బొమ్మలు వేయని ఐదుగురికి చూపించాం. "ఏది బాగుంది?" అని అడగొద్దు. అడిగితే అలవాటైన అందాన్నే చూపిస్తారు. "ఈమె ఏం చేస్తోంది? వయసెంత? అలిసిపోయిందా?" అని అడిగాం. కుంచె గీత, పెద్ద చేతులు, ఒకే నీడ కలిసిన బొమ్మ దగ్గర ఐదుగురూ తడుముకోకుండా చెప్పారు. వాళ్ల అమ్మ అయితే, "ఇది మన పెద్దవ్వ కదా, ఎడమ మోకాలు ఎత్తిపెట్టి కూర్చునేది ఆమే" అంది. ముఖం చుక్కలతో తేల్చేసిన బొమ్మ అది. నవంబర్ నుంచి పోగేసిన సరుకు అక్కడ పలికింది.

ఆ ఫలితాల నుంచి ఒక పేజీ నిర్ణయాల కాగితం రాసింది. బయటి హద్దు 2 నంబరు గుండ్రటి కుంచెతో, లోపలి గీతలు 05 పెన్నుతో. కళ్లు చుక్కలు, కోపం, ఏడుపు వచ్చినప్పుడు మాత్రమే రెప్ప. అరచేయి ముఖమంత. వెలుగు ఎప్పుడూ కుడి పై నుంచి. నీడ ఒక్క మెట్టు. చీర డిజైన్ మడతతో వంగదు, చదునుగా పరుచుకుంటుంది, మడతను నల్లగీత ఒక్కటే చెబుతుంది. ఆరు నెలల దాకా వీటిలో రెండింటి కంటే ఎక్కువ మార్చకూడదు, మార్చితే తేదీ వేసి కారణం రాయాలి. నేర్చుకునేవాళ్ల స్టైల్‌ను ఇలా కాగితం మీద కట్టేయడం తప్పని కొందరు అంటారు. కొన్నాళ్లు ఒకే చోట నిలబడకపోతే ఆ నిర్ణయం మంచిదో కాదో తెలిసే దారి లేదు, అందుకే మేం ఒప్పుకోం.

రంగులు మూడే: ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు), నలుపు. కాగితం తెలుపు నాలుగోది. మన ఎర్రనేలకు బర్న్ట్ సియెన్నా దాదాపు సరిపోతుంది. ఓకర్‌లో కొద్దిగా నలుపు కలిపితే ముదిరిన చింతాకు లాంటి ఆకుపచ్చ వస్తుంది. ఆకాశానికి ఏం చేయాలి అన్నది ఆమె భయం. బాగా పలుచన చేసిన నలుపును ఎర్రమట్టి రంగు పక్కన పెడితే కంటికి నీలి ఛాయగా కనిపిస్తుంది, ఎందుకంటే కన్ను పక్కనున్న వెచ్చని రంగుకు ఎదురు ఛాయను తానే కలుపుకుంటుంది. వేరే కాగితం మీద అదే బూడిద రంగు బూడిదలాగే ఉంటుంది. పక్కపక్కన పెట్టి చూశాక నీలం ట్యూబు తీసి పక్కన పెట్టేసింది.

ఎండాకాలం, కాగితం, రంగు

ఏప్రిల్‌లో పరీక్షలు. మూడు వారాలు రోజుకు పావుగంటే వేయమన్నాం, అదీ కుదరలేదు. తిరిగి వచ్చేసరికి గీత మళ్లీ గీకుడుగా మారింది. ఐదు రోజుల్లో సర్దుకుంది, కంగారు పడాల్సింది కాదు. అసలు తంటా ఎండతో వచ్చింది. మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటినప్పుడు, ఫ్యాను కింద, వాష్ (నీళ్లతో పలుచన చేసిన రంగు పూత) పరిచేలోపే అంచు ఆరిపోతుంది. రెండో కుంచెడు తగిలిన చోట ముదురు అతుకు పడుతుంది. "నాకు వాష్ రాదు" అని ఐదు కాగితాలు చించేసింది. చేతి తప్పు ఏమీ లేదు, గాలిలో తేమ లేదు.

చేయించిన మార్పులు ఇవి. పని ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, ఫ్యాను ఆపి. 300 జీఎస్ఎమ్ మందపాటి కాగితాన్ని రెండు వైపులా తడిపి, నునుపు చేసిన కడప బండ ముక్క మీద పరచడం. చెక్క అట్ట తేమను పీల్చేస్తుంది, బండ పీల్చదు, పైగా చల్లగా ఉంటుంది, కాబట్టి కాగితం అడుగు నుంచి తడి నిలుస్తుంది. బండలు కోసే చోట అంచు ముక్కలు పడి ఉంటాయి, అడిగితే ఇస్తారు. వాష్ మొత్తానికి సరిపడా రంగు ముందే గిన్నెలో కలిపిపెట్టుకోవాలి, మధ్యలో కలుపుతూ కూర్చుంటే అతుకు తప్పదు. చిన్న కప్పు నీళ్లలో రెండు మూడు చుక్కల గ్లిజరిన్ వేస్తే ఆరడం నెమ్మదిస్తుంది. ఎక్కువైతే రంగు జిగటగా ఉండిపోయి దుమ్ము పడుతుంది, స్కానర్ అద్దానికి అంటుకుంటుంది. ఒకసారి అలా అంటుకుని ఒక మూల రంగు లేచిపోయింది కూడా.

అచ్చు దగ్గర బయటపడిన లోపాలు

మే చివర ఒక పిల్లల కథకు ఎనిమిది బొమ్మల వరుస మొదలైంది: మేకను వెతుక్కుంటూ పోయే పిల్ల. అచ్చు సైజు ఏ5, అంటే 148 × 210 మిల్లీమీటర్లు, చుట్టూ కత్తిరింపుకు 3 మిల్లీమీటర్లు అదనం. అసలు బొమ్మ ఒకటిన్నర రెట్లు వేయాలన్నాం: 231 × 324 మిల్లీమీటర్లు. ఏ4లో పట్టదు, ఏ3 కావాలి. మొదటి రెండు బొమ్మలు ఈ లెక్క చూడకుండా ఏ3 నిండా వేసి, చుట్టూ ఖాళీ వదలకుండా తెచ్చింది. కత్తిరింపులో మేక చెవి పోయేది. మళ్లీ వేయాల్సి వచ్చింది.

ఫోన్ యాప్‌లో వేసిన పాత బొమ్మలు అచ్చుకు ఎందుకు పనికిరావో కూడా ఇక్కడే అర్థమైంది. వెయ్యి పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల లెక్కన) ఎనిమిదిన్నర సెంటీమీటర్లే వస్తుంది. గీత బొమ్మను 600 డీపీఐలో స్కాన్ చేయాలి. షాపుల్లో ఏ3 స్కానర్ లేకపోతే రెండు ముక్కలుగా, మధ్యలో మూడు నాలుగు సెంటీమీటర్లు ఒకదానిమీదొకటి వచ్చేలా తీసి, కలిపే అతుకు నల్లగీత మీద పడేలా చూసుకోవాలి. వాష్ మధ్యలో పడితే దాగదు.

పరీక్షగా తీయించిన అచ్చులో నల్లగీతల పక్కన ఎరుపు, పచ్చ జాడలు వచ్చాయి. ప్రెస్ తప్పనుకుంది. కారణం ఫైలులోనే ఉంది. ఆర్‌జీబీ (తెర మీది రంగుల పద్ధతి) నలుపును అలాగే సీఎమ్‌వైకేకి (అచ్చులో వాడే నాలుగు రంగుల పద్ధతికి) మారిస్తే అది నాలుగు రంగుల కలయిక అవుతుంది. ఒక్కో రంగుకు ఒకటి చొప్పున ఉండే నాలుగు అచ్చు ప్లేట్లలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా గీతకు రంగు నీడ పడుతుంది. అందుకే గీతను రంగుతో కలిపి స్కాన్ చేయకుండా, వేరే కాగితం మీద లైట్ బాక్సుతో (అడుగు నుంచి వెలుగు వచ్చే పెట్టెతో) తీసుకుని, వేరే లేయర్‌గా (ఫైలులో విడి పొరగా), నలుపు ప్లేటు ఒక్కదాని మీదే 100 శాతం పెట్టించాం. లైట్ బాక్సుకు ఖర్చు లేదు, కిటికీ అద్దం మీద పగటి వెలుగులో వేసింది. ఈ పనంతా క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో చేయొచ్చు, ఉచితం, సీఎమ్‌వైకే ఉంది.

కథలో వచ్చే తెలుగు అక్షరాలకు చోటు వదలడం ఇంకో పాఠం. పైన గుడులు, కింద ఒత్తులు ఉండటం వల్ల మన పంక్తికి ఇంగ్లీషు పంక్తి కంటే ఎక్కువ ఎడం కావాలి. నాలుగు పంక్తులనుకుని వదిలిన చోట మూడే పట్టాయి. పేజీలో మూడో వంతు ఖాళీగా, డిజైన్ లేని లేత రంగుగా ఉంచడం తర్వాతి ఆరు బొమ్మల్లో నియమమైంది. అక్షరాలు బొమ్మలోకి గీయకూడదు, వేరే లేయర్‌లోనే ఉండాలి. కథ ఇంకో భాషలోకి పోతే బొమ్మ మళ్లీ వేయక్కర్లేదు.

మొత్తం ఎనిమిదింటిలో పిల్ల జడ రెండు చోట్ల కుడి నుంచి ఎడమకు మారింది, మేక మూడో బొమ్మలో నడుము దాకా, ఐదో బొమ్మలో మోకాలి దాకా ఉంది. పాత్రల కాగితం వేయకుండా నేరుగా కథలోకి దిగిన ఫలితం. ఆగి, ఒక అట్టముక్క మీద పిల్ల, మేక, అవ్వ, బావి గట్టు, తుమ్మచెట్టు పక్కపక్కన నిలబెట్టి ఎత్తుల పట్టీ చేసింది. ప్రతి బొమ్మ మొదలుపెట్టే ముందు దాన్ని పక్కన ఆనించి చూస్తుంది.

జూన్ నాటికి

ఏ5 పుస్తకాలు ఆరు నిండాయి. పోర్ట్‌ఫోలియోకు (పని అడిగేటప్పుడు చూపించే బొమ్మల కట్టకు) 12 బొమ్మలు ఎంచాం: మేక కథ నుంచి ఐదు, కల్లం బొమ్మలు మూడు, బస్టాండు రెండు, పండ్ల బజారు రెండు. పాత 43లో ఒక్కటీ పెట్టలేదు, ఆమెకు ఇష్టమైన రెండు కూడా. వేయలేని పని చూపించి పని తెచ్చుకుంటే మొదటి ఆర్డరుకే ఇరుక్కుంటారు. ముఖాలు కప్పి మళ్లీ పరిచాం. ఈసారి అన్నీ ఒకే మనిషి వేసినవని బయటివాళ్లు చెప్పారు.

ఒక మాసపత్రిక పిల్లల పేజీకి రెండు చిన్న బొమ్మలు, డబ్బు ఇచ్చే పనిగా వచ్చాయి. ఒక బొమ్మలో అవ్వ ముఖం ఇంకా అందంగా ఉండాలని అడిగారు. కళ్లు పెద్దవి చేయబోయింది. ఆపి, అడిగినవాళ్లకు నిజంగా ఏం కావాలో కనుక్కోమన్నాం. అవ్వ కోపంగా కనిపిస్తోందన్నది వాళ్ల ఇబ్బంది. మెడ కొద్దిగా ముందుకు వంచి, చేయి పిల్ల భుజం మీద వేయడంతో సరిపోయింది, ముఖం ముట్టుకోలేదు. మార్పులు రెండు సార్లు మాత్రమే అని, బొమ్మను ఇంకెక్కడైనా వాడితే మళ్లీ అడగాలని ముందే మెసేజ్‌లో రాసి పెట్టుకోవడం కూడా ఈ పనితోనే నేర్చుకుంది.

తేలని పనులు ఉన్నాయి. గుంపులో ఆరుగురు దాటితే అందరూ ఒకే ఎత్తులో, ఒకే ఎడంలో నిలబడుతున్నారు. కోపం ఇంకా రెప్పలతోనే చూపిస్తోంది, ఒంటితో కాదు. అన్నిటికంటే బలహీనం ఇంటి లోపలి దృశ్యాలు. మొదటి రోజు సగంలో వదిలేసిన వంటగది ఇంకా అక్కడే ఉంది.

రాబోయే మూడు నెలలకు ఇచ్చిన పని అదే: పది వంటిళ్లు, ఒక్కోటి గంట. కూర్చున్నప్పుడు కంటి ఎత్తు ఎక్కడుందో తెలియడానికి ఆ ఎత్తులో గోడ నుంచి గోడకు ఒక దారం కట్టాలి. దారానికి పైనున్న అటకల అడుగుభాగం కనిపిస్తుంది, కిందున్న డబ్బాల మూతలు కనిపిస్తాయి, ఆ రెండూ తారుమారైతే గది కూలినట్టుంటుంది. మొదటి వంటిల్లు వాళ్ల అమ్మదే. దారం సరిగ్గా ఉప్పు డబ్బా పెట్టే బండ అరుగు అంచు మీదుగా పోయింది. ఆ అరుగు బొమ్మలో పైనా కాదు, కిందా కాదు, ఒక్క నల్లగీతగా వచ్చింది.